యంత్రశాస్త్రవేత్త రుడాల్ఫ్ డీజిల్

మనుషుల పేర్లు కొన్ని కాలక్రమంలో వస్తువుల పేర్లుగా మారిపోతాయి. అట్లా మారిన తరువాత ఆ పేరు అందరి నోటా నిత్యమూ వినిపిస్తుంది; ఆ మనిషి మాత్రం మరుగున పడిపోతాడు. డీజిల్ అనే మాట ఇందుకు చక్కని ఉదాహరణ. కృష్ణా డెల్టాలో చేనికి నీరు తోడుకునే రైతు, ధాన్యం బస్తాలు చేరవేసే లారీ డ్రైవరు, రేవులో మరపడవ నడిపే జాలరి ఈ మాటను రోజుకు ఎన్నిమార్లు పలుకుతారో లెక్కలేదు. అది ఒక నూనె పేరని అందరికీ తెలుసు. అది ఒక మనిషి ఇంటిపేరని, ఆయన చదువులో అగ్రగణ్యుడై, కీర్తిశిఖరాన్ని అందుకొని, చివరకు ఒక రాత్రి సముద్రం మధ్య అదృశ్యమైన దురదృష్టవంతుడని తెలిసినవారు తక్కువ.

విజయవాడ పరిసరాలలో చదువుకునే విద్యార్థులు ఈయన జీవితాన్ని తెలుసుకోవడం ఎంతైనా సమంజసం. చెన్నై–కోల్‌కతా రహదారి, హైదరాబాదు–మచిలీపట్నం రహదారి ఇక్కడ కలుసుకోవడం చేత ఈ నగరానికి లారీలతో విడదీయరాని సంబంధం ఏర్పడింది. 1960వ దశకంలో వెలసిన జవహర్ ఆటోనగర్ వేలాది కుటుంబాలకు అన్నం పెట్టింది. నగరానికి పడమటి దిక్కున, ఇంద్రకీలాద్రికి ఆవలి ప్రక్కన, కృష్ణ ఒడ్డున ఉన్న భవానీపురం మీదుగా గొల్లపూడి వైపు హైదరాబాదు రోడ్డు సాగిపోతుంది. ఇటువంటి రోడ్ల ప్రక్క మెకానిక్ షెడ్లలో తెలుగు, ఉర్దూ రెండు భాషలూ కలిసిమెలిసి వినిపిస్తాయి. పని నేర్పే పెద్ద అక్కడ ఉస్తాద్; బోల్టు విప్పే సాధనం పానా. మన విద్యార్థులలో కొందరి తండ్రులకు, అన్నలకు ఆ షెడ్లే జీవనాధారం.

ఆ షెడ్లలో తరచుగా కనిపించే దృశ్యం ఒకటున్నది. లారీ ముందుభాగం తెరచి, ఇంజనుపైనున్న బరువైన ఇనుప మూతను ఇద్దరు ముగ్గురు కలిసి ఎత్తి క్రిందికి దింపుతారు. ఆ మూతనే హెడ్డు అంటారు. హెడ్డుకు, దాని క్రిందనున్న సిలిండరు దిమ్మకు నడుమ రంధ్రాలతో కూడిన ఒక పలుచని రేకు ఉంటుంది. అదే హెడ్ గాస్కెట్. మొత్తం ఇంజను బరువుతో పోలిస్తే దాని బరువు అత్యల్పం. అయినా అది ఒకచోట కాలిందంటే అంత పెద్ద లారీ దారిమధ్యలో నిలిచిపోతుంది. ఇంత బలమైన యంత్రం ఇంత పలుచని రేకుపైన, దానిని బిగించిన కొన్ని బోల్టులపైన ఆధారపడి ఉండడానికి కారణమేమిటి? ఈ ప్రశ్నకు సమాధానం డీజిల్ మహాశయుని జీవితంలోనే లభిస్తుంది.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతం నుండి వచ్చి అక్కడ స్థిరపడినవారు. తండ్రి థియోడోర్ తోలు వస్తువులు తయారుచేసి జీవించే చేతిపనివాడు. కుటుంబం సంపన్నమైనది కాదు. 1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం సంభవించినప్పుడు జర్మను కుటుంబాలు పారిస్ విడిచి వెళ్లవలసివచ్చింది. డీజిల్ కుటుంబం లండను చేరుకుంది. అక్కడ బ్రతుకు గడవడమే కష్టమైన స్థితిలో పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణానికి పంపివేశారు. అక్కడ గణితోపాధ్యాయుడైన బంధువు ఒకరు అతనిని తన ఇంట ఉంచుకొని చదివించాడు. పుట్టిన ఊరు పోయి, తల్లిదండ్రులు దూరమై, పరాయి పంచన చేరిన ఆ బాలునికి చదువే ఆశ్రయమైంది. పద్నాలుగేళ్ల వయస్సులోనే తాను ఇంజనీరును కాదలచినట్లు తల్లిదండ్రులకు ఉత్తరం వ్రాశాడు.

ఆగ్స్‌బర్గ్‌లోని పాఠశాలలో అతడు ప్రథమస్థానంలో ఉత్తీర్ణుడైనాడు. 1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చదవడానికి విద్యార్థివేతనం లభించింది. అబ్బాయి వెంటనే ఏదైనా ఉద్యోగంలో చేరి నాలుగు డబ్బులు సంపాదిస్తే బాగుండునని తల్లిదండ్రుల కోరిక. అతడు మాత్రం విద్యనే ఎన్నుకున్నాడు. పేదింటి విద్యార్థికి ఎదురయ్యే ఈ సంకటం ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా ఒక్కటే.

మ్యూనిక్‌లో అతనికి లభించిన గురువు కార్ల్ లిండే. కృత్రిమంగా చల్లదనాన్ని కల్పించే యంత్రాలను తీర్చిదిద్దిన మహామేధావి ఆయన. వేడి ఎట్లా పనిగా మారుతుందో ఆయన పాఠం చెబుతూ, ఆనాటి ఆవిరియంత్రాలు తాము తిన్న బొగ్గులోని వేడిలో నూటికి పది వంతులైనా పనిగా మార్చలేకపోతున్నాయని వివరించాడు. మిగిలిన తొంబది వంతులు పొగగొట్టం గుండా, చల్లారిన ఆవిరి గుండా వృథా అయిపోతున్నాయి. ఈ మాట యువకుని మనస్సులో ముల్లులా నాటుకున్నది. ఆ నష్టాన్ని తగ్గించగల యంత్రాన్ని నిర్మించడం సాధ్యమా అని అతడు 1878లో తన నోటుపుస్తకం అంచున వ్రాసుకున్నాడు. తరగతిలో విన్న ఒక పాఠం తరువాతి ముప్పై అయిదేళ్ల జీవితాన్ని నడిపించింది. 1879లో టైఫాయిడ్ జ్వరం వల్ల పరీక్ష వాయిదా పడినా, 1880 ఆరంభంలో అతడు అత్యున్నత శ్రేణిలో పట్టం పొందాడు.

తరువాత పది సంవత్సరాలకు పైగా డీజిల్ లిండే సంస్థలోనే మంచు తయారీ యంత్రాల పనిలో గడిపాడు. ముందు పారిస్‌లోను, 1890 నుండి బెర్లిన్‌లోను పనిచేశాడు. 1883లో మార్తా ఫ్లాషేను వివాహమాడాడు. వారికి ముగ్గురు సంతానం. పగలంతా ఉద్యోగం, రాత్రులు తన యంత్రపు లెక్కలు. మొదట ఆవిరికి బదులు అమోనియాను ఉపయోగించి ఇంజను నడపబోగా అది ప్రేలిపోయి ప్రాణాపాయం తప్పింది. ఆసుపత్రిలో చాలాకాలం ఉండవలసివచ్చింది. ఇంతటి అనుభవం తరువాత కూడా ఆయన వెనుదీయలేదు. అమోనియాను విడిచి గాలివైపు దృష్టి మళ్లించాడు.

ఆయన ఆలోచనను సులభంగా ఇట్లా చెప్పవచ్చు. సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కుతుంది. గాలిని నొక్కినకొద్దీ దానిలో వేడి పుడుతుంది. సిలిండరులో గాలిని అపారమైన ఒత్తిడితో నొక్కితే, దానిలో చల్లిన నూనె అగ్గిపుల్ల, నిప్పురవ్వ ఏదీ లేకుండానే తనంతట తాను మండాలి. గాలి ఎంత ఎక్కువ నొక్కబడితే ఇంధనంలోని వేడి అంత ఎక్కువ భాగం పనిగా మారుతుంది. ఈ సూత్రంపైన ఆయన 1892లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1893 ఫిబ్రవరిలో 67207 సంఖ్యతో జర్మను పేటెంటు లభించింది. అదే సంవత్సరం తన సిద్ధాంతాన్ని వివరించే చిన్న గ్రంథాన్ని కూడ ప్రకటించాడు. ఆగ్స్‌బర్గ్ యంత్రకర్మాగారం అధిపతి హైన్రిక్ బూజ్ ప్రయోగాలకు తావు ఇచ్చాడు. ఆయుధాల తయారీలో పేరుగాంచిన క్రుప్ సంస్థ ధనసహాయం చేయడానికి అంగీకరించింది.

కాగితం మీద డీజిల్ 250 వాతావరణాల ఒత్తిడిని ఊహించాడు. కార్యరంగంలో దిగేసరికి దానిని ఎన్నోరెట్లు తగ్గించుకోక తప్పలేదు. లెక్కలో ఒత్తిడి ఒక అంకె మాత్రమే. ఇనుములో అది బయటికి పారిపోవడానికి నిత్యమూ సందు వెదికే బంధితశక్తి. మొదటి ప్రయోగయంత్రంలో అనుకున్న ఒత్తిడిలో దాదాపు సగమే నిలిచింది. పిస్టను చుట్టూ గాలి కారిపోయింది. 1893 ఆగస్టు 10న తొలిసారి ఇంధనాన్ని మండించగానే ఒత్తిడి ఒక్క క్షణంలో 80 వాతావరణాల వరకు లేచి, దానిని కొలిచే పరికరం బ్రద్దలై ముక్కలు నలుదిక్కులా ఎగిరిపడ్డాయి. ప్రక్కనే నిలబడినవారు అదృష్టవశాత్తు బ్రతికి బయటపడ్డారు. యంత్రం తనంతట తాను ఒక్క చుట్టయినా తిరగలేదు. కాని నొక్కిన గాలిలో ఇంధనం అంటుకుంటుందని మాత్రం ఋజువైంది.

అప్పటినుండి నాలుగేళ్లు ఆయన చేసిన పోరాటం ప్రధానంగా కారుదలతోనే. పిస్టనుకు పట్టు చాలక కారుదల, కవాటాల వద్ద కారుదల, గొట్టాల అతుకుల వద్ద కారుదల. సిలిండరు చుట్టూ చల్లని నీరు ప్రవహించే తొడుగును ఏర్పాటు చేయవలసివచ్చింది. ఈ పోరాటంలో ఆయనకు తోడుగా నిలిచినవారు ఆగ్స్‌బర్గ్ కర్మాగారంలోని ఇంజనీర్లు, ఫిట్టర్లు. 1894 ఫిబ్రవరి 17న కర్మాగారపు బెల్టు సహాయంతో ఇంజనును త్రిప్పుతూ పరీక్షిస్తుండగా బెల్టు లాగుడు తారుమారైంది. ఇంజనును త్రిప్పవలసిన బెల్టును ఇంజనే లాగుతోంది. ఈ విషయం ముందుగా గమనించినవాడు డీజిల్ కాదు; లిండర్ అనే ఫిట్టరు. అతడు మాటాడకుండా తలపైనున్న టోపీని తీసి గౌరవం చూపాడట. అప్పుడుగాని తన యంత్రానికి ప్రాణం వచ్చిందని డీజిల్‌కు తెలియలేదు. ఆనాడు ఇంజను నిమిషానికి 88 చుట్ల వేగంతో సుమారు ఒక్క నిమిషం మాత్రమే నడిచింది. ఆ ఒక్క నిమిషం చాలు, లోకం మారడానికి.

సరిగ్గా మూడేళ్ల తరువాత, 1897 ఫిబ్రవరి 17న, మ్యూనిక్ ఆచార్యుడు మోరిట్జ్ ష్రోటర్ కొత్త ఇంజనును అధికారికంగా పరీక్షించాడు. దాని సిలిండరు వ్యాసం 250 మిల్లీమీటర్లు, పిస్టను నడక 400 మిల్లీమీటర్లు. ఇంధనంలోని వేడిలో నూటికి 26.2 వంతులు పనిగా మారినట్లు తేలింది. ఒక అశ్వశక్తి గంటసేపు పనిచేయడానికి 238 గ్రాముల నూనె సరిపోయింది. ఆవిరియంత్రాలు వందేళ్లుగా కష్టపడి సాధించలేనిది ఒక్క సిలిండరు సాధించింది. ఆ చారిత్రాత్మకమైన ఇంజనును మ్యూనిక్‌లోని జర్మను మ్యూజియంలో నేటికీ భద్రపరచి ఉంచారు.

ఇక్కడ కొంచెం ఆగి ఆ ఇంజను మూతను తలచుకుందాం. 250 మిల్లీమీటర్ల వ్యాసమంటే సుమారు 490 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం. ప్రతి చదరపు సెంటీమీటరుపైన 30 కిలోగ్రాముల ఒత్తిడి అనుకున్నా ఆ మూతను పైకి నెట్టే బలం 14 టన్నులు దాటుతుంది. నేటి లారీ ఇంజను సిలిండరు చిన్నది. 10 సెంటీమీటర్ల వ్యాసమైతే వైశాల్యం 78 చదరపు సెంటీమీటర్లే. కాని మంట రేగినప్పుడు ఒత్తిడి 100 కిలోగ్రాములు దాటగలదు. అనగా ఒక్కొక్క సిలిండరు వద్ద దాదాపు 8 టన్నుల దెబ్బ. ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే ఆ దెబ్బ ఒక్కొక్క సిలిండరులో నిమిషానికి వెయ్యిసార్లు తగులుతుంది. దానిని అణచి ఉంచేవి బోల్టులు. సందు లేకుండా మూసేది గాస్కెట్. ఆగ్స్‌బర్గ్‌లో డీజిల్‌ను వేధించిన సమస్యే భవానీపురం షెడ్డులోని మెకానిక్ చేతికి కొత్తరూపంలో వచ్చింది. ఆయన పని ఎట్లా సాగుతుందో చూస్తే డీజిల్ కష్టం మనకు మరింత బాగా బోధపడుతుంది.

గాస్కెట్ మూడింటిని వేరువేరుగా ఉంచాలి: సిలిండరులోని మంటను, చల్లబరిచే నీటిని, కదిలే భాగాలకు అందే నూనెను. ఈ హద్దు చెరిగితే గుర్తులు కనిపిస్తాయి. రేడియేటరులో బుడగలు లేస్తాయి. నీరు తరచుగా తగ్గిపోతుంది. పొగగొట్టం నుండి తెల్లని ఆవిరి వస్తుంది. ఇంజను ఆయిల్ పాలు కలిపినట్లు తెల్లబడుతుంది. రెండు సిలిండర్ల నడుమ కాలితే ఆ రెండూ పట్టు కోల్పోయి లారీ ఎత్తు ఎక్కలేకపోతుంది. అనుభవజ్ఞుడైన మెకానిక్ ఈ గుర్తులు చూసి, ఇంజను పూర్తిగా చల్లారేవరకు ఆగుతాడు. వేడిమీద హెడ్డు విప్పితే అది వంగిపోయే ప్రమాదమున్నది. నీరు వదలి, నూనె గొట్టాలను, నాజిళ్లను, వాల్వులను కదిలించే రాడ్లను తీసి, దేని స్థానం దానికి గుర్తుంచుకునేలా వరుసగా పేరుస్తాడు. బోల్టులను ఒక్కసారిగా కాక, అంచులనుండి మధ్యకు, కొంచెం కొంచెంగా వదులు చేస్తాడు.

హెడ్డు దిగిన తరువాతనే అసలు పరీక్ష. పాత గాస్కెట్ అవశేషాలను లోహం గీతపడకుండా తొలగించాలి. పూర్వపు గాస్కెట్లలో రాతినార ఉండేది. దాని పొడి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమైన వ్యాధులను కలిగిస్తుంది కనుక పాత ఇంజన్లపై పనిచేసేవారు దానిని పొడిగా గీకి గాలిలోకి లేపరాదు. తరువాత హెడ్డుపైన నిట్టనిలువు అంచుగల ఇనుప బద్దను పెట్టి, క్రింద ఫీలర్ గేజి రేకు దూరుతున్నదేమో అన్ని దిక్కులా చూస్తారు. కంటికి కనిపించని వంపు ఉన్నా కొత్త గాస్కెట్ కొద్దిరోజులకే కాలిపోతుంది. అప్పుడు హెడ్డును లేత్ షాపుకు పంపి చదును చేయించవలసిందే.

ఇక బోల్టుల సంగతి. బోల్టు కేవలం మేకు వంటిదని చాలామంది భావిస్తారు. వాస్తవానికి అది గట్టి స్ప్రింగు. బిగించినప్పుడు అది వెంట్రుకవాసి సాగుతుంది. తిరిగి తన కొలతకు రావాలనే ప్రయత్నంలో హెడ్డును క్రిందికి లాగి పట్టుకుంటుంది. ఆ సాగుడులోనే దాని బలమున్నది. చాలకపోతే పట్టు ఉండదు. హద్దు మీరితే బోల్టు శాశ్వతంగా సాగిపోయి మళ్లీ ఎన్నడూ పట్టు ఇవ్వదు. కావుననే నడుము సన్నబడిన, మరలు చెడిన పాత బోల్టులను తిరిగి వాడడం ప్రమాదకరం. కొన్ని ఇంజన్లలో ఒకసారి విప్పిన బోల్టును మళ్లీ వేయరాదని తయారీదారులే విధిస్తారు. మరలలో మురికి ఉంటే పానాపైన మనం చూపిన బలం చాలావరకు ఒరిపిడికే ఖర్చయి, బోల్టు సాగకుండానే బిగిసినట్లు భ్రమ కలుగుతుంది. రంధ్రం అడుగున నీరో నూనెయో నిలిచి ఉంటే, బోల్టు దిగేటప్పుడు దానికి బయటపడే దారిలేక దిమ్మే పగిలిపోవచ్చు. ఇన్ని విషయాలు గుర్తుంచుకొని, మధ్యనుండి అంచులకు, రెండు మూడు విడతలుగా, బలాన్ని కొలిచే టార్క్ పానాతో బిగించాలి. పాత పద్ధతి గాస్కెట్లయితే ఇంజనును వేడెక్కించి, చల్లార్చి, మరొకమారు సరిచూడాలి. చివరగా వాల్వుల సందు సరిచేస్తే పని పూర్తవుతుంది. ఇది బండబలంతో అయ్యే పని కాదు. కొలత, క్రమం, ఓర్పు కావాలి. డీజిల్‌కు నాలుగేళ్ల పరాజయాలు నేర్పిన పాఠం కూడ ఇదే.

1897 తరువాత డీజిల్ జీవితం ఒక్కసారిగా వెలిగిపోయింది. ఐరోపాలోని సంస్థలు ఆయన హక్కులను కొనడానికి పోటీపడ్డాయి. అమెరికాలో బీరు వ్యాపారి అడాల్ఫస్ బుష్ పెద్ద మొత్తం చెల్లించి హక్కులు పొందాడు. 1898 నాటికి డీజిల్ లక్షాధికారి. మ్యూనిక్‌లో రాజభవనం వంటి ఇల్లు కట్టుకున్నాడు. అయితే ఆ సంవత్సరమే తొలిసారి అమ్ముడుపోయిన ఇంజన్లు చోటుచోట మొరాయించసాగాయి. ప్రయోగశాలలో నిపుణుల చేతిలో నడిచిన యంత్రం మామూలు కార్మికుల చేతికి వచ్చేసరికి తన లోపాలన్నీ బయటపెట్టింది. ఆగ్స్‌బర్గ్‌లో ఆయన పేరుతో వెలసిన కొత్త కర్మాగారం నిలదొక్కుకోలేకపోయింది. మరొకప్రక్క పేటెంటు వివాదాలు. తలనొప్పులు, నరాల బలహీనత ఆయనను పట్టి పీడించాయి; చికిత్సాలయంలో చేరి విశ్రాంతి తీసుకోవలసివచ్చింది.

1900లో పారిస్ ప్రపంచప్రదర్శనలో ఆయన ఇంజనుకు అత్యున్నత బహుమతి లభించింది. తాను బాల్యంలో వెళ్లగొట్టబడిన నగరమే ఆయనను సత్కరించింది. ఆ ప్రదర్శనలో ఒట్టో సంస్థ చూపిన ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. ఆఫ్రికాలోని తమ వలసలలో పండే వేరుశనగను ఇంధనంగా వాడుకొనవచ్చునేమోనని ఫ్రెంచి ప్రభుత్వం ఆసక్తి చూపడమే ఇందుకు కారణం. వేరుశనగ విస్తారంగా పండే మన రాష్ట్రానికి ఈ విషయం ఆసక్తికరమైనది. నాటి నూనెలు నేడు అల్పంగా కనిపించినా ముందుముందు నేలనూనెతో సమానమైన ప్రాధాన్యం పొందగలవని డీజిల్ 1912లో అభిప్రాయపడ్డాడు. పొలాలున్న ప్రతి దేశమూ తన ఇంధనాన్ని తానే పండించుకొనవచ్చునన్నది ఆయన ఆశ. శ్రమజీవుల సహకారంతో నడిచే సమాజాన్ని ఊహిస్తూ 1903లో ఒక గ్రంథం కూడ రచించాడు. పెద్ద ఆవిరియంత్రాలను కొనలేని చిన్న చేతిపనివారికి చిన్న ఇంజను చేయూతనిస్తుందని ఆయన మొదటినుండి తలచాడు. తోలుపనివాని కుమారుడు అట్లా తలచడంలో ఆశ్చర్యం లేదు.

ఆయన లోపాలను కూడ దాచనవసరం లేదు. పేటెంటులో వ్రాసిన విధానానికి, చివరకు నడిచిన ఇంజనుకు చాలా తేడా ఉన్నదని విమర్శకులు ఎత్తిచూపారు. అది నిజమే. తనకు ముందు ఈ దారిలో నడిచినవారి కృషికి, తనతో పనిచేసినవారి శ్రమకు ఆయన తగినంత గుర్తింపు ఇవ్వలేదన్న ఆరోపణ కూడ వచ్చింది. ఆచార్య జొహన్నెస్ ల్యూడర్స్ 1913లో ఒక పుస్తకమే ప్రకటించాడు. అదే సంవత్సరం డీజిల్ తన ఇంజను పుట్టుకను వివరిస్తూ గ్రంథం వెలువరించి, ఊహ ఎంత సులభమో, దానిని ఇనుములో నిజం చేయడం ఎంత దుర్భరమో వెల్లడించాడు. ఊహ లేనిదే ఇంజను లేదు. కాని లిండర్ వంటి ఫిట్టర్ల చేతులు లేనిదే ఆ ఊహ నోటుపుస్తకం అంచుననే ఉండిపోయేది. ఈ రెంటిలో ఏ ఒక్కదానికి మొత్తం కీర్తిని ఇచ్చినా అన్యాయమే.

ఇంతలో ఆయన సంపద కరిగిపోయింది. భూముల వ్యాపారంలోను, ఇతర పెట్టుబడులలోను భారీగా నష్టపోయాడు. పేటెంట్ల గడువు తీరిపోవడంతో రాబడి కూడ తగ్గింది. బయటికి మాత్రం వైభవం తగ్గలేదు. అదే ఇల్లు, అవే విందులు, అవే ప్రయాణాలు. అసలు పరిస్థితి భార్యకు కూడ తెలియనివ్వలేదు. ఒత్తిడిని బంధించడంలో లోకానికి గురువైన వ్యక్తి తన మనస్సులోని ఒత్తిడిని ఎవరితోను పంచుకోలేకపోయాడు.

1913 సెప్టెంబరు 29 సాయంకాలం ఆయన బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. ఇంగ్లండులో ఒక కొత్త ఇంజన్ల కర్మాగారానికి సంబంధించిన కార్యక్రమానికి వెళుతున్నాడు. ఇద్దరు సహచరులతో కలిసి భోజనం చేసి, రాత్రి పది గంటల ప్రాంతంలో తన గదికి వెళ్లాడు. ఉదయం 6 గంటల 15 నిమిషాలకు లేపమని చెప్పాడు. తెల్లవారి చూస్తే గది ఖాళీ. పడక నలగలేదు. ఆయన టోపీ, పైకోటు ఓడ వెనుకభాగాన కటకటాల వద్ద కనిపించాయి. కొన్ని రోజుల తరువాత ఒక డచ్చి పడవవారికి సముద్రంలో ఒక మృతదేహం కనిపించింది. శిథిలమైన దేహాన్ని సముద్రానికే వదలి, జేబులోని వస్తువులను మాత్రం తెచ్చారు. అవి తన తండ్రివేనని కుమారుడు యూజెన్ గుర్తించాడు. ప్రయాణానికి ముందు ఆయన భార్యకు ఒక సంచి ఇచ్చి వారం తరువాత తెరువుమని చెప్పాడు. దానిలో కొంత నగదు, బ్యాంకు ఖాతాలు దాదాపు ఖాళీ అని తెలిపే కాగితాలు ఉన్నాయి. దినచర్య పుస్తకంలో ఆ తేదీ వద్ద ఒక శిలువ గుర్తు మాత్రమే ఉన్నది. ఎవరో హత్యచేశారనే వదంతులు చాలాకాలం ప్రచారంలో ఉన్నా ఆత్మహత్య అనే అభిప్రాయమే ఎక్కువమంది చరిత్రకారులు వెలిబుచ్చారు. అప్పటికి ఆయన వయస్సు 55 సంవత్సరాలు.

ఆయన తన ఇంజను లారీలలో విస్తృతంగా వాడుకలోకి రావడం చూడలేకపోయాడు. ఆయన ఇంజనులో నూనెను చల్లడానికి గాలిని నొక్కే పెద్ద పంపు అవసరమయ్యేది; అది ఓడలలో, కర్మాగారాలలో తప్ప బండిలో ఇమడదు. 1912లో సెలాండియా అనే డెన్మార్కు ఓడ డీజిల్ ఇంజన్లతో మహాసముద్రాలు దాటింది. 1923, 1924 సంవత్సరాలలో జర్మనీలో తొలి డీజిల్ లారీలు వెలువడ్డాయి. 1927లో రాబర్ట్ బాష్ సంస్థ చిన్న నూనె పంపును పెద్దఎత్తున తయారుచేయసాగడంతో లారీ దశ తిరిగింది. మన దేశంలో జంషెడ్‌పూర్‌లోని టెల్కో సంస్థ 1954లో డైమ్లర్ బెంజ్ సహకారంతో లారీల తయారీ ప్రారంభించింది. 1955 నుండి మద్రాసు చెంత ఎన్నూరులో అశోక్ లేలాండ్ ఆ పేరుతో నడవసాగింది. 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తయి కృష్ణపైన వంతెన దారి ఏర్పడిన నాటినుండి విజయవాడ లారీల నగరంగా ఎదిగింది. ఆ విధంగా ఆగ్స్‌బర్గ్‌లో ఒక్క నిమిషం నడిచిన యంత్రం కృష్ణా డెల్టా ధాన్యాన్ని, మామిడిని, చేపలను దేశమంతటికీ చేరవేసింది.

ఆ యంత్రం వల్ల కలిగిన హాని కూడ లేకపోలేదు. డీజిల్ పొగ క్యాన్సరుకు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం 2012లో నిర్ధారించింది. 2020 ఏప్రిల్ నుండి మన దేశంలో కొత్త వాహనాలకు కఠినమైన పొగ నియమాలు అమలులోకి వచ్చాయి. వృథాను సహించలేక నూతన యంత్రాన్ని కనుగొన్న డీజిల్ నేడు ఉన్నట్లయితే ఈ పొగను తగ్గించడానికే తన లెక్కలు మొదలుపెట్టి ఉండేవాడని భావించవచ్చు.

విద్యార్థి మిత్రులు ఈ జీవితం నుండి గ్రహించవలసినవి రెండున్నాయి. మొదటిది, చదువుకు, చేతిపనికి నడుమ మనం కట్టుకున్న గోడ నిజమైనది కాదు. కళాశాలలో ఉష్ణశాస్త్రం చదివే కుమారుడు, షెడ్డులో టార్క్ పానా పట్టే తండ్రి ఒకే ప్రశ్నకు రెండు వైపులనుండి సమాధానం వెదుకుతున్నారు. నూనెతో నల్లబడిన ఆ చేతులను చూసి సిగ్గుపడే విద్యార్థి డీజిల్ పాఠాన్ని సగమే చదివినవాడు. రెండవది, కారుదల ఏదైనా తొలినాడే చెప్పుకోవాలి. రేడియేటరులో బుడగలు కనిపించిన రోజే లారీ ఆపితే ఒక గాస్కెట్‌తో, కొన్ని బోల్టులతో పోతుంది. దాచిపెట్టి నడిపితే హెడ్డు పగులుతుంది, ఇంజనే పోతుంది. డీజిల్ మహాశయుడు తన అప్పును తన ఇంటివారితోనైనా చెప్పుకొని ఉంటే లోకం ఆయనను మరికొంతకాలం దక్కించుకొని ఉండేదేమో. ఆయన ఇంజనుకు చేసిన మేలును ఆయన జీవితానికి ఎవరూ చేయలేకపోయారు. మన తోటివారిలో అట్టి ఒత్తిడి కనిపించినప్పుడు ప్రక్కన కూర్చుండి అడిగి తెలుసుకోవడం మన కనీస ధర్మం.